తెగే దారం

రేగుమానిపల్లి, అచ్చంపేట దగ్గర
2022 మే 3

రఘుపతికి దశరథ రాస్తున్నది.

నా విల్లు విరిగింది. ముందు ఆ మాట రాస్తే గానీ మంచీచెడ్డా అడగబుద్ధి కావడం లేదు. వానలు వచ్చేలోపు నూనె పట్టిద్దామని అటక మీది నుంచి దింపి వంచాను. సన్నగా చప్పుడైంది, వెదురు నిలువునా చీలిపోయింది.

గోవిందమ్మ వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? నీ చెవుల సంగతి అడగను. నలభై ఏళ్లు మగ్గం చప్పుడు విన్నవాడికి ఫోన్ చేసి నేను అరవడం, నువ్వు "ఆఁ" అనడం, పక్కింటివాళ్లు నవ్వడం ఎందుకని కాగితమే పట్టుకున్నాను.

అంజన్న నాకు చేసిచ్చిన విల్లుల్లో ఇది మూడోది. నాలుగోది అడుగుదామని అడవి అంచున ఉన్న వాళ్ల గూడేనికి, ఆ పెంటకు వెళ్లాను. ఎనభై దాటాయి ఆయనకు. చేతులు వణుకుతున్నాయి. వెదురు చెక్కి చూపిస్తానని కత్తి పట్టాడు గానీ నేనే లాక్కున్నాను. "ఇగ నాతోని గాదు దశరథా. ఏదన్న కొనుక్కో. గని ఈ యేడు మత్తడి చేప మాత్రం దెచ్చియ్యాలె. వచ్చే యేటికి ఉంటనో పోతనో" అన్నాడు.

నీకు ఎన్నోసార్లు చెప్పిన సంగతే. మా చెరువులో చేప మత్స్య సంఘం వాళ్లది. చెరువు నిండి, మత్తడి దుంకి, ఆ అలుగు నీళ్లతో పాటు కాలువలో పడ్డ చేప మాత్రం పట్టినవాడిది. ఆ కాలువ నా చెలక పక్క నుంచే పోతుంది. విల్లు చేతికిచ్చిన నాడే అంజన్న నా దగ్గర మాట తీసుకున్నాడు: ప్రతి ఏడూ మొదటి చేప నేర్పినవాడిది, అదీ బాణంతో కొట్టిందే కావాలి. వలతో పట్టింది, సంతలో కొన్నది లెక్కలోకి రాదు. చెరువు నిండని ఏళ్లు వదిలేస్తే ఇరవై ఆరేళ్లుగా ఆ మాట తప్పలేదు. ఆయన కడసారి అడిగిన ఏడు తప్పితే నేను ఆ పెంటకు ఏ ముఖం పెట్టుకుని పోను?

మహబూబ్‌నగర్ బడిలో మీ అల్లుడు ప్రవీణ్ పిల్లలకు విలువిద్య నేర్పుతున్నాడు కదా. ఆయన్ని అడుగు. నేను కాలువలో నిలబడి కొట్టేవాణ్ని, రెండు పక్కలా తుమ్మచెట్లు, విల్లు పొట్టిగా ఉండాలి. గురి చూస్తూ నిలబడితే చేప ఆగదు, లాగిన వెంటనే వదలాలి. బాణం బరువుగా ఉండాలి, ఈకలు వద్దు.

దారం మాత్రం నువ్వే పేనాలి. ఒక కొస బాణం తోకకు, ఇంకో కొస విల్లుకు కట్టేది. పది బారల పొడుగు, ఆరు పోగులు, నూలుది. పట్టు వద్దు, నైలాన్ వద్దు. నూలే పంపు.

ఇంట్లో వెంకటనర్సమ్మ, బిడ్డ ఉష నిన్ను అడిగామని చెప్పమన్నారు.

నీ దశరథ


నారాయణపేట
2022 మే 24

దశరథా,

నీ ఉత్తరం చదివి గోవిందమ్మ, "అరవై ఏండ్లకు దగ్గర పడ్డడు, ఇంక విల్లు బాణాలు ఆడ్తాండా మీ దోస్తు?" అంది. మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగైంది.

ప్రవీణ్ ఆదివారం వచ్చాడు. ఇద్దరం భోజనం దగ్గర కూర్చుని నీ విల్లు గురించే మాట్లాడుకున్నాం. అంటే ఆయన అరిచాడు, నేను విన్నాను. ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఒక విల్లుకు రెండు కొసలా చక్రాలున్నాయి, వాటి చుట్టూ తీగలు. ఇది విల్లా సైకిలా అన్నాను. చక్రాల విల్లు లాగి పట్టుకుంటే చేతికి బరువు తెలియదట, తీరిగ్గా గురి చూసేవాళ్లకు మంచిదట. నీ పని వేరు గనుక అది వద్దన్నాడు. దాని తీగల్లో నీ దారం చిక్కుకుంటుందని కూడా అన్నాడు. ఫైబర్‌గ్లాస్ అనే గాజునారతో చేసిన మామూలు విల్లు, నాలుగున్నర అడుగులది, చాలన్నాడు.

బరువు దగ్గర ఇద్దరికీ కొంచెం మాటామాటా అయింది. వీటి లాగుడును పౌండ్లలో చెబుతారు. నలభై అయిదుది తీసుకుందాం, దశరథ రైతు, నాగలి పట్టిన చెయ్యి అన్నాను. "మామా, నాగలి దినమంత దున్నుతది. విల్లు ఒక్క గుంజుడు. నీళ్లల్ల నిలవడి గుంజాలె, కాలు జారితె?" అన్నాడు. చివరికి ముప్పై అయిదు దగ్గర ఒప్పుకున్నాను. అంటే పదహారు కిలోల బస్తాను రెండు వేళ్లతో వెనక్కి లాగినంత. మీ అంజన్న వెదురుకంటే ఇది చాలా గట్టిది, మొదట్లో చూసుకుని లాగు. కుడిచేతివాళ్లకు ఒక రకం, ఎడమచేతివాళ్లకు ఒక రకం పిడి ఉంటుందట. నువ్వు కుడిచేతివాడివేనని చెప్పాను.

బాణాలు గాజునారవి, లోపల బోలు ఉండదు, నువ్వన్నట్టే ఈకలు లేవు. ములుకులు రెండు రకాలు పంపుతున్నాడు. ఒకదానికి మూడు పళ్లు, బిగించి ఉంటాయి. ఇంకోదానికి రెండు రెక్కలు, తిప్పితే విడిపోతాయి. ఏది మేలో నువ్వే చూసుకో. దారం చుట్టే రాట్నం కూడా ఒకటి దొరుకుతుందట. విల్లుకు కట్టుకునే నీ సొరకాయ బుర్ర ఉండగా అదెందుకని నేనే వద్దన్నాను.

దారం సంగతి నాకు వదిలెయ్యి. నారాయణపేట నేతవాడికి దారం ఎలా ఉండాలో వ్యవసాయదారు చెప్పాలా? కోస్గి హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టెలో ఇద్దరి బట్టలు పెట్టుకున్నవాళ్లం. నా దగ్గర కూడా మొహమాటపడితే ఎలా? తెగితే నా పేరు మార్చుకుంటాను.

రఘుపతి


రేగుమానిపల్లి
2022 జూన్ 29

రఘుపతికి,

అన్నీ భద్రంగా చేరాయి. విల్లు నల్లగా, నున్నగా ఉంది. ఎవరిదో వస్తువు నా ఇంట్లో ఉన్నట్టు రెండు రోజులు గోడకు ఆనించి ఊరికే చూశాను. మూడో రోజు ఎక్కుపెట్టాను. ప్రవీణ్ మాట విని ముప్పై అయిదు దగ్గర ఆగడం మంచిదైంది. నీ మాట వినుంటే భుజం ఊడి చేతికొచ్చేది.

విల్లును పెంటకు తీసుకెళ్లాను. అంజన్న దాన్ని చేత్తో తడిమి, వాసన చూసి, "దీనికి వాసనే లేదు గదరా" అన్నాడు. నచ్చలేదనుకున్నాను. విల్లు నా చేతికిచ్చి, "గుంజు, జూస్త" అన్నాడు. లాగాను. తల ఊపాడు.

ములుకుల్లో రెక్కలదే తీసుకున్నాను. మూడు పళ్లది చేపను గట్టిగానే పడుతుంది గానీ ఊడదీసేసరికి చేప నుజ్జవుతుంది. ఇది తిప్పితే రెక్కలు ముందుకు పడతాయి, బాణం మెత్తగా వచ్చేస్తుంది. పెద్దాయనకిచ్చే చేప చూడడానికి కూడా బాగుండాలి.

రోజూ పొద్దున కాలువ గుంటలో వంకాయకు రాయి కట్టి ముంచి కొడుతున్నాను. మొదటి రోజు పదికి పదీ పైనుంచి పోయాయి. కొత్త విల్లు వేగానికి పాత చెయ్యి లొంగడం లేదు. అంజన్నను అక్కడికి తీసుకొచ్చి మంచం వేసి కూర్చోబెట్టాను. "నీళ్లు అబద్ధమాడ్తయ్. కనవడ్డ కాడ చేప ఉండదు. జర కిందికి కొట్టాలె. మర్సినవా?" అన్నాడు. మరచిపోలేదు, చెయ్యి మరచిపోయింది. ఇప్పుడు పదికి ఆరు తగులుతున్నాయి. వెంకటనర్సమ్మ వారం రోజులుగా తూట్లు పడ్డ వంకాయల కూరే వండుతోంది.

ఈ వంకాయలకు పాత దారమే కట్టాను. నీ దారం మత్తడి కోసం ఉంచాను. చేతిలోకి తీసుకుంటే మెత్తగా ఉంది. నీ చెయ్యి తెలుస్తోంది. దాని గురించి ఇంతకంటే ఏం రాయను.

చెరువు సగానికి వచ్చింది.

దశరథ


నారాయణపేట
2022 జూలై 16

దశరథా,

ఇక్కడ వారం రోజులుగా ముసురు. మగ్గం గుంతలో నీరు ఊరుతోంది, కాళ్లు తడుస్తుంటే నేత సాగడం లేదు. పడుగు బిగుసుకుపోయింది. పనిలేక గడప మీద కూర్చుని నీ చెరువు గురించే ఆలోచిస్తున్నాను. నిండిందా? దుంకిందా?

గోవిందమ్మ నన్ను చూసి నవ్వుతోంది. నేను ఒక్కసారైనా కాలువలో దిగినవాణ్ని కాదు, చేప ముల్లు గుచ్చుకుంటుందని రెండు ముద్దల్లో లేచేవాణ్ని. అయినా ఈ ఏడు ఆ బాణం వెనుక నా దారం పోతుంది కదా. నా చీరలు ఎవరెవరో కట్టుకుంటారు, ఎవరో నాకు తెలియదు. నా చేతి దారం ఎవరి చేతిలో ఉందో తెలిసింది ఇదొక్కసారే. అందుకని ఆత్రం. మత్తడి దుంకిన రోజే రాయి. చేప ఎంత పొడుగు, దారం ఎన్ని బారలు పోయింది, పెద్దాయన ఏమన్నాడు, అన్నీ రాయి.

రఘుపతి


రేగుమానిపల్లి
2022 ఆగస్టు 8

రఘుపతికి,

ఉత్తరం ఆలస్యమైంది. వేలికి ముల్లు దిగి వాచింది, అందుకే ఉష చేత రాయిస్తున్నాను. జూలై ఇరవై అయిదున మత్తడి దుంకింది. కొర్రమట్ట పడింది. అంజన్నకు చేరింది. విల్లు బాగుంది. దారం బాగుంది. ప్రవీణ్‌కు నా దీవెనలు చెప్పు. వరినాట్లు అయిపోయాయి. వదినను అడిగానని చెప్పు.

దశరథ


నారాయణపేట
2022 ఆగస్టు 21

దశరథా,

నీ ఉత్తరం పట్టుకుని మా వీధి మొత్తం తిరిగాను. ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు, అయినా ఆ నాలుగు మాటలు చాలు. "దారం బాగుంది" అన్న చోట గోవిందమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా కళ్లు బాగానే ఉన్నాయి, ఎవరైనా చదువుతుంటే వినాలనిపించింది.

ఇప్పుడు నిజం చెప్పొచ్చు. నువ్వు నూలే పంపమన్నావు కదా, నేను పంపింది నూలు కాదు. పైన రెండు పోగులు నూలు, లోపల నాలుగు పోగులు పట్టు. చీర పడుగు కోసం తెచ్చిన మేలురకం పట్టు. మెరిస్తే నీకు తెలిసిపోతుందని తుమ్మచెక్క కషాయంలో రెండు రోజులు ముంచి రంగు చంపాను. పట్టు నేసేవాణ్ని పట్టుకుని నూలు చాలని అడిగితే, నా ఖర్చు చూసి మొహమాటపడ్డావని నాకు అర్థం కాదా? మా నాయిన మగ్గం మీద కూర్చోబెట్టిన రోజు చెప్పిన మాట ఒకటే, "మనింట్ల కెల్లి పొయ్యిన పోగు తెగొద్దు" అని. పేనాక దూలానికి వేలాడదీసి, ఇరవై కిలోల రాయి కట్టాను. సాగింది గానీ తెగలేదు. రాయి విప్పితే మళ్లీ మొదటి పొడవుకు వచ్చేసింది. అంత ప్రాణమున్న దారం.

ఇంకో పది బారలు పేనుతున్నాను. అది అంజన్నకు నా కానుక. ఆయన విల్లు పట్టకపోయినా దగ్గర ఉంచుకోమను.

నీ వేలు ఇంకా మానలేదా? ఈసారి నీ చేత్తో రాయి. ఉష చేతిరాత ముత్యాల్లా ఉంటుంది గానీ అందులో నీ గొంతు వినపడలేదు.

రఘుపతి


రేగుమానిపల్లి
2022 సెప్టెంబరు 1

రఘుపతి కాకాకు ఉష నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు బాపుకు తెలియదు. మీ ఉత్తరం వచ్చిన రోజు ఆయనకు నేనే చదివి వినిపించాను. పట్టు గురించి రాసిన పేరా వదిలేసి మిగతాది చదివాను. వదిలేసిన పేరా అంగన్‌వాడీలో పిల్లలను పడుకోబెట్టాక ఒక్కదాన్నే మళ్లీ చదివాను. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇంక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బాపు వేలికి ఏమీ కాలేదు కాకా. కుడి కన్ను పోయింది.

ఆ రోజు పొద్దున్నే కాలువకు పోయాడు. నేను గట్టు మీదే ఉన్నాను. మోకాళ్ల పైకి నీళ్లు. పెద్ద కొర్రమట్ట ఎదురెక్కుతూ వచ్చింది. బాపు లాగి వదిలాడు. సొరకాయ బుర్ర మీది నుంచి దారం విప్పుకుంటూ పోతూ తుమ్మకొమ్మకు చిక్కింది. తెగి ఉంటే బాణం నీళ్లలో కలిసిపోయేది, అంతే. తెగలేదు. సాగింది. సాగి, బాణాన్ని వెనక్కి విసిరింది. బాణం తోక వచ్చి కంట్లో తగిలింది. నేను కాలువలో దిగేసరికి బాపు రెండు చేతులతో ముఖం పట్టుకుని నిలబడే ఉన్నాడు. అరవలేదు. చేప పోయిందా అని అడిగాడు.

అచ్చంపేట దవాఖానలో కట్టు కట్టి హైదరాబాద్ పంపించారు. అక్కడ పన్నెండు రోజులు ఉన్నాం. కన్ను దక్కలేదు. రెండో కన్నుకు ఏం కాకుండా చూసుకోమన్నారు.

అంజన్న తాతకు చేప చేరలేదు. బాపు మీకు అబద్ధం రాయించాడు. నేను కలం పట్టుకుని ఆగిపోతే, "రాయి బిడ్డా. కాకకు దెలిస్తె మగ్గం మీద గూసోడు" అన్నాడు.

తాత మా ఇంటికి వచ్చి దారం చేతిలోకి తీసుకుని రెండు చేతులా లాగి చూశాడు. "తెగాలె గద ఇది. తెగకుంటె మనకే తిరిగొస్తది. గీ ముచ్చట దశరథకు ఎరికే గదా" అన్నాడు. బాపు మంచంలో అటు తిరిగి పడుకున్నాడు.

మీ మీద కోపం లేదని రాయాలనుకున్నాను. ఉంది కాకా. బాపు నూలే అడిగాడు కదా. ఎందుకు అడిగాడని మీరు ఒక్క ముక్క రాసి అడగాల్సింది. ఇంత ప్రేమగా పంపారని తెలుసు గనుక కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీకే రాస్తున్నాను. ఆ రెండో దారం పంపకండి. బాపుకు ఇంకోసారి అబద్ధం చెప్పలేను.

ఉష


నారాయణపేట
2022 సెప్టెంబరు 17

దశరథా,

ఉష రాసింది. దాన్ని ఏమీ అనకు.

నాకు ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ కన్ను తీసింది నేను. చెప్పకుండా తీశాను. నువ్వు గుర్తుపట్టకూడదని రెండు రోజులు కషాయంలో ముంచి మరీ తీశాను. ఆ ముంచిన గిన్నె ఇంకా మా వాకిట్లోనే ఉంది, దాని పక్క నుంచి నడవలేకపోతున్నాను.

పోయిన సోమవారం బయలుదేరాను. మహబూబ్‌నగర్ బస్టాండులో అచ్చంపేట బస్సెక్కి కూర్చున్నాను. కండక్టర్ వచ్చి ఎక్కడికి అని అడిగాడు. వినపడింది. దిగి, నారాయణపేట బస్సెక్కి ఇంటికొచ్చాను. నీ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. పిరికివాణ్ని.

పేనుతున్న రెండో దారం పొయ్యిలో వేశాను. ఆ రోజు నుంచి నేతకు కూర్చుని నాడె విసరలేదు. మగ్గం మీద సగం చీర అలాగే ఉంది. అందరూ చెవులు పోయాయంటారు గానీ, నువ్వు రెండుసార్లు నూలు నూలు అని రాస్తే వినని చెవుడు అంతకు ముందే ఉంది నాలో. నాకు తెలిసిందల్లా తెగని దారమే. తెగడం కోసం దారం అడిగేవాడు ఉంటాడని నా బుర్రకు తట్టలేదు.

ఒక్కటి అడుగుతాను, తిట్టుకోకు. ఎందుకు నూలో ఒక్క మాట ఎందుకు రాయలేదు నువ్వు?

జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

రఘుపతి


రేగుమానిపల్లి
2022 అక్టోబరు 2

రఘుపతికి,

నా చేత్తోనే రాస్తున్నాను. వరుసలు దిగజారితే చూసుకుని చదువుకో. కాగితం అంచు ఎక్కడుందో ఇంకా సరిగ్గా తెలియడం లేదు.

ఎందుకు రాయలేదంటే, ఇరవై ఆరేళ్లుగా నాకు తెలిసిన సంగతి ప్రపంచానికంతా తెలుసనుకున్నాను. అది నా తప్పు. ఇంకోటి కూడా ఉంది. దాన్ని ఉషకూ చెప్పలేదు, వెంకటనర్సమ్మకూ చెప్పలేదు.

అది పట్టు అని నాకు ముందే తెలుసు. పొట్లం వచ్చిన రోజే తెలుసు. చేతిలో పట్టుకోగానే అనుమానం వచ్చింది. ఒక కొస తుంచి అగ్గిపుల్లతో కాల్చాను. గుర్తుందా, కోస్గి హాస్టల్లో నువ్వే నేర్పావు. నూలు కాలితే కాగితం వాసన, పట్టు కాలితే వెంట్రుక వాసన. వెంట్రుక వాసన వచ్చింది.

పక్కన పెట్టాల్సింది. అచ్చంపేటలో ఏ కొట్టుకు పోయినా నూలుదారం దొరుకుతుంది. రెండుసార్లు చెప్పులేసుకుని బయలుదేరాను కూడా. కానీ నువ్వు కూర్చుని పట్టు పేని, రంగు చంపి, నాకు తెలియకూడదని దాచి పంపితే, దాన్ని మూలన పడేసి కొట్టు దారం కట్టుకోవడానికి మనసొప్పలేదు. ఈ ఒక్కసారికి కడదాం, చేప పడ్డాక రఘుపతికి రాద్దాం, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. ప్రమాదం తెలిసీ కట్టింది నేను. తెలియక పంపింది నువ్వు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువో తూచడానికి నాకు ఓపిక లేదు. నిన్ను నేను ఒక్క రోజు కూడా తప్పుపట్టలేదు. ఈ వాక్యం రెండుసార్లు చదువుకో.

అబద్ధం రాయించినందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను. మనిద్దరం ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతో ఒకరికొకరు చెప్పుకోకుండా ఇంత దూరం తెచ్చాం. ఇక చాలు.

ఇప్పుడు పని మాట. గురి చూసే కుడి కన్ను పోయింది గనుక ఎడమ కంటితో, ఎడమ చేత్తో లాగడం నేర్చుకోవాలి. నల్లవిల్లు పిడి కుడిచేతివాడిది, అది నాకు పనికిరాదు. ప్రవీణ్ బడికి తిరిగి పంపుతున్నాను, ఏ పిల్లకైనా పనికొస్తుంది. అంజన్నకు ఈ సంగతి చెబితే, "ఎదురు విల్లుకు కుడేంది, ఎడమేంది? ఎట్ల పట్టుకుంటె అట్ల వంగుతది" అన్నాడు. పెంట ముందర ఆయన మంచంలో కూర్చుని చెబుతుంటే నేను చెక్కాను. పదిహేను రోజులు పట్టింది. రెండు వెదుళ్లు పాడుచేశాను, ఆయన చేత తిట్లు తిన్నాను. మూడోది కుదిరింది. నల్లవిల్లులో సగం కూడా బలం లేదు. అంజన్న ముట్టుకుని వాసన చూసి ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే బాగుందని.

ఆయన ఈ నెల రోజుల్లో బాగా పడిపోయాడు. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. చేప సంగతి నోటితో అడగడం మానేశాడు, నేను వెళ్లినప్పుడల్లా నా చేతుల వైపు చూస్తాడు. చెరువు నిండుగా ఉంది, ఇంకో గట్టి వాన పడితే మళ్లీ దుంకుతుంది.

దారం పంపు. పది బారలు. ఆరు పోగులు. నూలు.

దశరథ


నారాయణపేట
2022 అక్టోబరు 9

దశరథా,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, ఎన్నిసార్లు చదివానో నాకు లెక్క తెలియదు. ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగి ఏడ్చాను. గోవిందమ్మ చూసింది, చూడనట్టు వంటింట్లోకి పోయింది.

దారం ఇందులో ఉంది. నూలే. ఒక కొస కాల్చి చూసుకో, నాకు కోపం రాదు.

దీన్ని పేనడం నాకు చేతకాలేదని చెబితే నమ్ముతావా? మొదటిసారి చెయ్యి అలవాటు కొద్దీ బిగించి మెలేసింది. దూలానికి కట్టి లాగాను, తెగలేదు. విప్పేశాను. రెండోసారి మెలి సడలించాను, మళ్లీ తెగలేదు. ఎంత బరువుకు తెగాలో అప్పుడు ఆలోచించాను. చేపకు ఆగాలి, కొమ్మకు ఆగకూడదు. మీ కొర్రమట్ట ఎంత తూగుతుందో ఉషకు ఫోన్ చేయించి అడిగించాను. అది ఫోన్లో, "రెండు కిలోలు కాకా, గుంజితె ఇంకింత" అని చెప్పిందట. కాకా అన్నదని గోవిందమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

నాలుగోసారికి కుదిరింది. చేపకు సరిపడా బరువు కట్టాను, ఆగింది. ఇంకొంచెం వేసి ఒక్క కుదుపు కుదిపాను. పుటుక్కున తెగింది. ఆ చప్పుడు నాకు వినపడింది దశరథా. మా నాయిన ఉంటే నా వీపు పగలగొట్టేవాడు. అదే మెలితో మళ్లీ పది బారలు పేని పంపుతున్నాను.

రేపు మగ్గం మీద కూర్చుంటాను. సగం చీర అట్లాగే ఉంది.

రఘుపతి


రేగుమానిపల్లి
2022 అక్టోబరు 19

రఘుపతికి,

మొన్న రాత్రంతా వాన పడింది, నిన్న తెల్లారేసరికి మత్తడి దుంకింది. ఉష రావద్దన్నా వినకుండా గట్టు మీద నిలబడింది. వెంకటనర్సమ్మ కూడా వచ్చింది, కాలువ వైపు చూడకుండా అటు తిరిగి కూర్చుంది.

మొదటి బాణానికి చేప తప్పింది. దారం పోయి అదే తుమ్మకు చిక్కింది. ఉష అరిచింది. దారం తెగింది. బాణం నీళ్లలో ఎక్కడికో కొట్టుకుపోయింది. నేను నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను, ఏమీ కాలేదు. ఉష కాలువలో దిగి వచ్చి నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. చాలాసేపు వదల్లేదు.

మిగిలిన దారం ఇంకో బాణానికి కట్టాను. మధ్యాహ్నానికి ఒక కొర్రమట్ట పడింది, మూరెడు. తడి గుడ్డలో చుట్టి పెంటకు తీసుకెళ్లాను. అంజన్న చేతితో దాన్ని తల నుంచి తోక దాకా తడిమాడు. వండించి, ముళ్లు తీసి నోట్లో పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాడు. "గీ దారం ఎవరు జేసిండ్రు?" అని అడిగాడు. చెప్పాను. కొమ్మకు చిక్కి తెగిన సంగతీ చెప్పాను. "మంచిగ తెగింది" అన్నాడు.

తెగిన ముక్కను ఉష తుమ్మకొమ్మ మీది నుంచి తీసి, ఉతికి ఆరబెట్టింది. ఈ ఉత్తరంలో పెట్టమని తనే ఇచ్చింది. మూరెడుంటుంది. దాచుకో. బస్సు ఎక్కి ఈసారి దిగకుండా రా.

దశరథ